కెప్టెన్ ట్రెంచ్ ఎవరివాడు?

ఆ శనివారం పొద్దున ఎనిడ్ థ్రప్ పెట్టుకున్న పనులు చాలా చిన్నవి. ఎనిమిదింటికి టీ తాగాలి. తొమ్మిదింటికి సముద్రపు గట్టు మీది రాతి ఇంటి గోడకు ఫలకం బిగించాలి. పదకొండింటికి మేయరు చేత తెర లాగించాలి. పన్నెండు కొట్టేలోపు మార్ష్‌లీ ఊరివాళ్ల నోళ్లు శాశ్వతంగా మూయించాలి.

ఆవిడ పెల్‌బోర్న్ చరిత్ర సంఘానికి ఇరవై రెండేళ్లుగా కార్యదర్శి. అంతకుముందు పోస్టాఫీసులో పనిచేసింది. ఎవరి మీద కోపం వచ్చినా దాన్ని రిజిస్టరు చేసి భద్రంగా దాచుకునే అలవాటు అక్కడే అబ్బింది. ఆ కోపాల్లో సగం మార్ష్‌లీ మీదే. 1824 నాటి తుపానులో రాళ్లకు కొట్టుకున్న ఓడ నుంచి పంతొమ్మిది మందిని తాడు వేసి బయటికి లాగిన కెప్టెన్ జొసాయా ట్రెంచ్ తమవాడని పెల్‌బోర్న్ అంటుంది. కాదు, మావాడని కొండ వెనక రెండు మైళ్ల దూరంలో ఉన్న మార్ష్‌లీ అంటుంది. ఈ తగాదాలో కుదిరిన పెళ్లిళ్లు తప్పిపోయాయి, క్రికెట్ ఆటలు ఆగిపోయాయి.

టీ తాగుతూ పార్సిలు విప్పిన ఎనిడ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. గుండ్రటి నీలం ఫలకం మీద తెల్లటి అక్షరాలు నిగనిగలాడుతున్నాయి: "మార్ష్‌లీలో పుట్టి, ఈ ఇంట నివసించిన సాహసి కెప్టెన్ జొసాయా ట్రెంచ్."

ఫలకం చెక్కినతనికి ఫోన్ చేసింది.

"ఏమయ్యా, మార్ష్‌లీలో పుట్టాడన్న ముక్క వేయొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?"

"వేయొద్దనలేదమ్మా, వదలొద్దన్నారు. లైను గరగరలాడుతుంటే మళ్లీ అడిగాను కూడా. మీరు అరిచారు. అరిస్తే ఇంకేం వినబడుతుంది?"

"నా పీకల మీదికి తెచ్చి నన్నే అంటావా!" అని ఫోన్ విసిరికొట్టింది.

మేయరు వచ్చేస్తున్నాడు. కార్యక్రమం ఆపితే మార్ష్‌లీవాళ్లు నవ్వి చస్తారు. ఎనిడ్ పెరటి కొట్లోకి వెళ్లి, తలుపుకు వేయగా మిగిలిన నీలం రంగు డబ్బా తెచ్చి, మొదటి ముక్క మీద దట్టంగా పూసేసింది. తర్వాత గట్టు మీదికి మోసుకెళ్లి, పళ్లు నూరుకుంటూ గోడకు బిగించింది. నాలుగు మరలు బిగించాల్సిన చోట ఆ కోపంలో రెండే బిగించి, పైన తెర దించింది. సముద్రపు చెమ్మ గాలికి రంగు రెండు రోజులైనా ఆరదన్న సంగతి ఆవిడకు తట్టలేదు.

పదకొండింటికి గట్టంతా జనం. పక్కనున్న హిక్‌హామ్ గ్రామంలో మద్యం అంగడి నడిపే రోసమండ్ పైక్ బల్ల మీద దోసకాయ ముక్కల శాండ్‌విచ్‌లు సర్దుతోంది. రోడ్డుకు అవతల మార్ష్‌లీ పందుల పెంపకందారు క్లారెన్స్ బజ్ పదిహేను మందిని వెంటేసుకుని చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"ఏం ఎనిడమ్మా, మావాణ్ని మీ గోడకు మేకులేసి కొడుతున్నావట?"

"మీ పందులకు తవుడు పెట్టుకో, పో!"

మేయరు గొంతు సవరించుకుని తాడు లాగాడు. తెర కదల్లేదు. రెండోసారి లాగాడు. కదల్లేదు. బజ్ మనుషులు కిసుక్కుమన్నారు. మేయరుకు పౌరుషం వచ్చి, కాలు గోడకు తన్ని పట్టి, బరువంతా వేసి లాగాడు. తెరా, ఫలకమూ, గోడలోని సున్నమూ కలిసి ఊడొచ్చి ఆయన బూటు మీద పడ్డాయి.

"చచ్చాన్రా బాబూ!"

బజ్ ఒక్క గెంతులో రోడ్డు దాటి ఫలకాన్ని అందుకున్నాడు. తెర ఒలిచేసరికి దాంతోపాటు పచ్చి రంగంతా లేచొచ్చింది. ఊరంతటికీ వినబడేలా చదివాడు: "మార్ష్‌లీలో పుట్టి!"

"ఆ ముక్క తప్పు పడింది!" అని ఎనిడ్ అరిచింది.

"తప్పు పడితే చెప్పాలి గానీ రంగు పూస్తారటమ్మా?"

ఎవరు ముందు విసిరారో తెలియదు గానీ, ఒక శాండ్‌విచ్ వచ్చి మేయరు మెడలోని గొలుసుకు తగిలింది. ఆ తర్వాత బల్ల ఖాళీ కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఎనిడ్ అగ్గిమీద గుగ్గిలమై పక్కనే ఉన్న సంఘం గదిలోకి దూసుకుపోయి, అద్దాల పెట్టె తెరిచి ఒక ఉత్తరం పట్టుకొచ్చింది. నలభై ఏళ్లుగా అందులో మొదటి పేజీ పైకి కనబడేలా పెట్టి ఉంది.

"కెప్టెన్ స్వహస్తాలతో చెల్లెలికి రాసింది! మొదటి పంక్తిలోనే 'పెల్‌బోర్న్, మా ఇల్లు' అని లేదూ? కళ్లుంటే చదువు!"

లోపల ఎక్కడో తమ ఊరి పేరు దొరక్కపోతుందా అన్న ఆశతో బజ్ లాక్కుని పేజీ తిప్పి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.

"చెల్లీ, ఆ రాత్రి ఎప్పటిలాగే గాడిద మెడకు లాంతరు కట్టి కొండ అంచున నడిపించాను. రేవు దీపమనుకుని ఓడ వచ్చి... రాళ్లకు..." అతని గొంతు తగ్గిపోయింది.

"ఆపావేం? చదువు," అన్నాడు మేయరు కుంటుతూ.

"...రాళ్లకు కొట్టుకుంది. ఎవరూ బతకరనుకుంటే పంతొమ్మిది మంది బతికారు. తెల్లారి జనం పోగయ్యారు కనక తాడు వేయక తప్పింది కాదు. ఇప్పుడంతా నన్ను దేవుడంటున్నారు. బ్రాందీ పీపాలు నీ కొట్టంలోనే ఉంచు."

ఎనిడ్ ఇరవై రెండేళ్లు ప్రతి జూన్‌లోనూ ఆ మనిషి సమాధి మీద తన చేతులతో పూలు పెట్టింది. ఒక్కసారైనా పేజీ తిప్పి చూడలేదు. తిట్టడానికి ఎదురుగా ఎవరైనా ఉంటే బాగుండుననిపించింది. అదృష్టవశాత్తూ బజ్ ఉన్నాడు.

"ఉత్తరం మీ ఊరినుంచే రాశాడుగా," అన్నాడతను ఫలకాన్ని ఆవిడ చేతుల్లోకి తోస్తూ. "మీవాడే. ఉంచుకోండి."

"పుట్టింది మీ దగ్గర! ఫలకం మీదే ఉంది, చదువుకో!"

"ఆ ముక్క తప్పన్నావుగా ఇందాక?"

"ఎవరన్నారు? నిక్షేపంలా పడింది!"

"పుట్టడానికేముంది, ఎక్కడైనా పుడతారు. బుద్ధులు పెరిగినచోట వస్తాయి!"

"ఆ గాడిద మాత్రం కచ్చితంగా మీ ఊరిదే!"

ఖాళీ పళ్లేలు ఏరుకుంటున్న రోసమండ్ పైక్ అప్పుడు నోరు విప్పింది. "ఎవరికీ వద్దా? అయితే నాకివ్వండి."

రెండు ఊళ్లూ ఒక్కగొంతుతో తీసుకుపొమ్మన్నాయి.

ఆగస్టు నాటికి హిక్‌హామ్ మద్యం అంగడి ముందు బస్సులు బారులు తీరాయి. గోడ మీద ఫలకం, గుమ్మంలో లాంతరు కట్టిన గాడిద, సీసాల్లో "దొంగదీపం బ్రాందీ". పెల్‌బోర్న్ గట్టు మీద మాత్రం సముద్రపు కాకులు తప్ప పురుగు లేదు. ఎనిడ్ వెళ్లి స్వయంగా చూసింది. గాడిదతో ఫోటో కోసం క్యూలో నిలబడమన్నారు. అక్కణ్నుంచి మండిపడుతూ తిన్నగా మార్ష్‌లీ వెళ్లి, జీవితంలో మొదటిసారి బజ్ తలుపు తట్టింది.

"నా దొంగని పెట్టుకుని ఆవిడ సొమ్ము చేసుకుంటోందయ్యా!"

"మన దొంగ," అని సరిదిద్దాడు బజ్. కుర్చీ జరిపి, కాగితం తీశాడు.

జిల్లా కార్యాలయానికి రెండు ఊళ్లూ కలిసి సంతకాలు పెట్టిన ఆ అర్జీలో అభ్యంతరం ఒక్కటే: కెప్టెన్ ట్రెంచ్ హిక్‌హామ్‌లో ఒక్క ఓడనైనా ముంచిన పాపాన పోలేదు.