బీరువాలో నలభై సెకన్లు

డ్రాయింగు మాస్టారు పోయిన రోజు మధ్యాహ్నమే హెడ్మాస్టరుగారు సర్క్యులరు తీశారు. ‘కీర్తిశేషులైన డ్రాయింగు మాస్టారి మరణం వల్ల ఏర్పడిన తీరని లోటును తీర్చుటకుగాను ఇరవై నిమిషాల నిడివి గల నివాళి వీడియో ఒకటి తయారుచేయబడును. సదరు లోటు నెలాఖరులోగా తీరిపోవలెను.’

కింద సిబ్బంది అందరూ సంతకాలు చేశారు. లెక్కల టీచరు పేరు దగ్గర ‘గైర్హాజరు’ అని రాశారు. పోయినాయన ఆమెకు సొంత అన్నయ్య. ఆ వేళకి ఆమె ఆస్పత్రిలో ఆయన మంచం పక్కనే ఉంది.

పది రోజుల తరువాత బడికి వచ్చి, అన్నయ్య బల్ల సొరుగు ఖాళీ చేస్తుంటే రబ్బరుముక్కల మధ్య ఒక పెన్‌డ్రైవ్ దొరికింది. దాని మీద చిన్న కాగితం అంటించి తన పేరు తనే రాసుకున్నాడు. ఇంట్లో కంప్యూటరు లేదు కనుక తిన్నగా కంప్యూటరు గదికి తీసుకెళ్లింది. అందులో ఉన్నది ఒకే వీడియో, నలభై సెకన్లు. ఏనాటిదో పాత కెమెరాను పుస్తకాల దొంతర మీద పెట్టి, పిల్లల కోసం తనే తీసుకున్నట్టున్నాడు. తెర మీద అన్నయ్య సుద్దముక్క పట్టుకుని నల్లబల్ల పక్కన నిలబడి ఏదో చెబుతున్నాడు. బొమ్మ వచ్చింది. గొంతు రాలేదు.

“సౌండుకి కోడెక్ లేదండి,” అన్నారు కంప్యూటరు మాస్టారు.

“కోడెక్ అంటే ఏమిటండీ?”

“అది ఉండాలండి.”

“ఉంటే?”

“ఉంటే వినబడుతుందండి.”

ఎనిమిదేళ్లుగా ఆయన కంప్యూటరు చెబుతున్నారు. ఆ గదిలో కంప్యూటర్లు వచ్చి మాత్రం మూడేళ్లే అయింది.

అన్నయ్య గొంతున్న వీడియో ఇంట్లో మరొకటి లేదు. ఫొటోలంటారా, బోలెడు. ఫొటోలు మాట్లాడవు కదా. “ఇది తప్పకుండా నివాళి వీడియోలో ఉండాలండి,” అంది లెక్కల టీచరు. ఉండాలన్నది పైకి. తను వినాలన్నది లోపల.

ఈలోగా బతికున్నవాళ్ల వీడియోలు వచ్చిపడ్డాయి. అందరివీ కొత్త ఫోన్లే కాబట్టి వేలు పెట్టగానే తెరుచుకున్నాయి. భాషా పండితులు పదకొండు నిమిషాలు మాట్లాడారు, అందులో తొమ్మిది తన గురించి. డ్రిల్లు మాస్టారు మూడుసార్లు తీయించుకుని, “మూడోదే వేయండి, కన్నీళ్లు అందులో నిండుగా వచ్చాయి,” అని చెప్పి వెళ్లారు. హెడ్మాస్టరుగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, “ఆయన నా కుడిభుజం,” అన్నారు. ఆ కుడిభుజం రంగుపెన్సిళ్ల కోసం పెట్టుకున్న దరఖాస్తు నాలుగేళ్లుగా ఆయన బల్ల మీదే ఉంది. వీడియోలన్నీ ఒకటిగా అతికే సాఫ్ట్‌వేరుకు ఊరందరితోనూ పొత్తు కుదిరింది. పోయినాయనతోనే కుదరలేదు.

కంప్యూటరు మాస్టారు తనకు తెలిసిన వైద్యం మొదలుపెట్టారు. ఫైలు పేరు చివర ఉన్న మూడక్షరాలు కొట్టేసి, తెరుచుకునే వీడియోల చివర ఉండే మూడక్షరాలు తగిలించారు. అంతకు ముందు బొమ్మయినా కనిపించేది. ఇప్పుడు అదీ పోయింది.

“పేరు మారిస్తే లోపల సరుకు మారుతుందా మాస్టారూ? ఉప్పు డబ్బా మీద చక్కెర అని రాసినట్టుంది,” అంది లెక్కల టీచరు.

“హెడ్మాస్టరుగారి అనుమతి తీసుకునే మార్చానండి,” అన్నారాయన నొచ్చుకుంటూ. అనుమతి కాగితం చూపించారు కూడా.

పాత పేరు తిరిగి పెట్టడానికి ఇంకో అనుమతి కావలసి వచ్చింది.

ఆమె రెండు రోజులు ఖాళీ పీరియడ్లలో కూర్చుని ఆ సాఫ్ట్‌వేరు సహాయ పుటలన్నీ లెక్క చేసినట్టు చదివింది. ఒక రకం వీడియోను మరో రకంగా మార్చే చిన్న ప్రోగ్రాం ఉంటుందట. దాన్ని ఎక్కించడానికి దరఖాస్తు, దాని మీద సంతకం, సంతకం మీద ముద్ర. మూడో రోజు ఎక్కించారు. నీలం గీత తెర మీద నత్తలా పాకి, అటు చివరికి చేరింది.

“చెయ్యి గీయాలంటే, పిల్లలూ, ముందు...”

అన్నయ్య గొంతే. ఆమె కుర్చీ అంచు పట్టుకుంది. అంతలో బెల్లు మోగింది. కంప్యూటరు మాస్టారు టక్కున ఆపేశారు.

“తరవాతి క్లాసు వచ్చేస్తోంది టీచరుగారూ. మిగతాది సభలో అందరం కలిసి విందాం.”

“ఒక్క నిమిషం ఉండండి.”

“రూలండి.”

రూలు మరొకటి కూడా ఉంది. బయటి ఫైళ్లు బడి కంప్యూటర్లో ఉంచరాదు. కాబట్టి కొత్తగా మారిన వీడియోను ఆ పెన్‌డ్రైవ్‌లోనే ఉంచి, అక్కడినుంచే నివాళిలో కలిపారు. పని పూర్తికాగానే హెడ్మాస్టరుగారు పెన్‌డ్రైవ్ ఊడబీకించి, కవరులో పెట్టి, లక్క వేసి, బీరువాలో దాచి తాళం వేశారు. “విలువైన వస్తువమ్మా. పోతే మళ్లీ రాదు,” అన్నారు.

పెన్‌డ్రైవ్ తీసేస్తే అందులోని వీడియో కంప్యూటరుకి అందదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. కంప్యూటరు మాస్టారికి కూడా.

సభ నాడు హాలు నిండిపోయింది. పండితులు మాట్లాడారు. డ్రిల్లు మాస్టారి మూడో ఏడుపుకి ముందు వరుసలో ఇద్దరు కళ్లు ఒత్తుకున్నారు. కుడిభుజం మాట వచ్చింది. ఆ తరువాత రావలసింది అన్నయ్య. ఆమె కుర్చీలో ముందుకు జరిగింది.

తెర మొత్తం ఎర్రబడింది. మధ్యలో తెల్లక్షరాలు: ‘మీడియా అందుబాటులో లేదు.’ చప్పుడు లేదు.

హాలంతా బిక్కమొహం వేసింది. హెడ్మాస్టరుగారు మాత్రం క్షణం తడబడలేదు. గబగబా మైకు అందుకుని, “అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించండి,” అన్నారు. ఐదు వందల మంది లేచి, ఎర్ర తెర ముందు తలలు వంచారు. లెక్కల టీచరూ లేచింది. ఆమె ఒక్కతే తల వంచలేదు.

బయటికి వస్తుంటే డ్రిల్లు మాస్టారు కలిశారు. “ఆ ఎర్ర తెర ఆలోచన ఎవరిదండీ? గుండె పిండేసింది.”

మర్నాడు ఆమె హెడ్మాస్టరుగారి గదికి వెళ్లింది. “పెన్‌డ్రైవ్ ఇప్పించండి సార్. ఇంటికి తీసుకెళతాను.”

“అలాగేనమ్మా, దానికేం,” అంటూ ఆయన రిజిస్టరు తెరిచారు. వేలు పెట్టి వరుసలు వెతికారు. ఇచ్చినవారి పేరు గడిలో, పెన్‌డ్రైవ్ మీది కాగితం చూసి ఎవరో డ్రాయింగు మాస్టారి పేరు ఎక్కించారు.

“ఇది మీది కాదు కదమ్మా. ఇచ్చినవారి సంతకం తీసుకునే తిరిగి ఇవ్వాలి,” అన్నారు. “రేపొకసారి ఆయన్ని వచ్చి తీసుకోమనండి.”

“ఆయన రారండి.”

“పోనీ ఎల్లుండి రమ్మనండి. సంతకం పెట్టడానికి ఎంతసేపు.”

గోడ మీద, ఆయన తల వెనకే, నిన్న సభలో దండ వేసిన అన్నయ్య ఫొటో ఉంది. ఆయన రిజిస్టరు మూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

పెన్‌డ్రైవ్ బీరువాలోనే ఉంది. ‘చెయ్యి గీయాలంటే, పిల్లలూ, ముందు’ ఏం చేయాలో లెక్కల టీచరు ఇంకా వినలేదు.