నమిలిన చీటీ విజయము

దినకరుడు ఎదురుమేడ నీళ్లట్యాంకుపై కాలు మోపినవేళ, లిఫ్టు చచ్చి మూన్నాళ్లయిన నాలుగంతస్తుల భవనమందు, పాలమరకల నక్షత్రమండలముతో విరాజిల్లు మొదటి అంతస్తు వంటింటి గచ్చుపై, పదవతరగతి లెక్కల పరీక్షకు ముందే చదువుల సమరమునుండి వెనుదిరిగిన ధీరురాలును, పాప తుమ్మినచో ప్రళయమని తలంచు బెంగలమారియు నగు మన వీరమాత, ఇంటింటి నిద్రను గూర్చి సర్వే చేయు కొత్త కొలువున, ఇరువదినాలుగు ఇండ్లకు ఇరువదినాలుగు చీటీలు వ్రాసి, స్టీలుడబ్బాలో గిలకరించి కూర్చుండెను.

ఆరు ఇండ్లు తేలవలెను. ఏ రీతి ఎంచితివో ఫారము చివరి గడిలో వ్రాయవలెననియు, నచ్చిన గుమ్మములెక్కి వచ్చినచో ఫారములతోపాటు కొలువును చెత్తబుట్టపాలగుననియు సర్వే మేడమ్ ముందే శాసించియుండెను. తన చేయి తన మాట వినదని ఎరిగిన వీరమాత, లోకమున ఎవరిపైనను పక్షపాతములేని పాపకు డబ్బా నప్పగించెను.

ఐదు చీటీలు నిర్విఘ్నముగ వెడలెను. ఆరవది నోట బడెను. అంతట ఘోరసంగ్రామము: ఒకవైపు తల్లి చూపుడువ్రేలు, ఒకవైపు దంతద్వయవిరాజితయగు శత్రువు. తుదకు లాలాజలసిక్తమై, అక్షరశూన్యమై, ముద్దయైన చీటీ బయల్పడెను.

గుమ్మమున నిలిచి వేడుక చూచుచున్న పక్కింటి నేస్తము రాయబారమునకు దిగెను.

"ఒక్క చీటీయే కదే. మా ఇంటి నంబరు వేసేయ్. టీ పెడతా, కూర్చుని రాసుకో."

వీరమాత చలించెను, పిమ్మట మేఘగంభీరస్వరమున పలికెను.

"నువ్వంటే నాకిష్టమే తల్లీ. అందుకే నువ్వు పనికిరావు."

అంత డబ్బా బోర్లించి, మిగిలినవానిని, తేలినవానిని సేనాపంక్తులవలె పేర్చి, వ్రేళ్లు మడిచి మూడుమార్లు లెక్కింపగా, ఇరువదిరెండు ప్రక్కన ఇరువదినాలుగు కనబడెను. నమలబడినది ఇరువదిమూడు. నాలుగవ అంతస్తు. పాప ఏడుస్తోందని ఇప్పటికి మూడుమార్లు దండెత్తి వచ్చిన పిన్నిగారి దుర్గము.

వేరొకటి కాకపోవునా యను ఆశతో నాల్గవమారు లెక్కించెను. అదే.

ఐదిండ్లు ముగించి, పాపను చంకనెత్తుకొని, మోకాళ్లు మొరపెట్టగా మెట్లెక్కి, తలుపు తట్టి, నిద్రాభంగకారణము నడిగెను. పిన్నిగారు పాపను ఆపాదమస్తకము చూచి, "రాసుకో. మీ పిల్ల ఏడుపు" అని తలుపు మూసెను. వీరమాత వ్రాసెను; ఒక్క పొల్లయినను తగ్గింపక వ్రాసెను.

పిదప మెట్లమీదనే కూలబడి చివరి గడి నింపెను: "చీటీలు వేశాం. పాప తీసింది. ఒకటి నమిలింది. మిగతావి పేర్చి అదేదో కనుక్కున్నాం. నచ్చిన ఇంటికి వెళ్లలేదు."

ఫొటో పంపగా, మేడమ్ నుండి 'సరే' యను రెండక్షరముల బిరుదము ఫోనున వెలసెను. దిక్కులు పిక్కటిల్లెను, పాప ఏడుపందుకొనుటచేత. ఇరువదిమూడవ తలుపు మరల తెరచుకొనెను. విజయలక్ష్మీసమేతయగు వీరమాత, ఒకచేత పాపను, ఒకచేత కమ్మీని పట్టుకొని, ఒక్కొక్క మెట్టే జాగ్రత్తగ చూచుకొనుచు, పలాయనము చిత్తగించెను.