పాట పాడని మేనేజరు

ఆ ఆదివారం పొద్దున కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి బొమ్మల కంపెనీ మేనేజరు గారు వస్తారు. పై వాటాలో ఉండే డాక్టరు దంపతులు, వాళ్ళ కూతుళ్ళిద్దరూ కిందికి దిగి వస్తారు. కూర్చుని ఆమె తయారుచేసిన ఆట ఆడతారు, గంటలోపు గెలుస్తారు. మేనేజరు గారు మెచ్చుకుని, ఆటను అచ్చు వేయిస్తామని చెప్పి వెళతారు. ఇదంతా జరిగేదాకా అత్తగారు, మామగారు, భర్త ఇంట్లో లేకుండా ఉంటే చాలు. అందుకని ముగ్గురికీ సినిమా టిక్కెట్లు కూడా కొనిపెట్టింది.

కోడలిది అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఉద్యోగం. చెప్పుల పెట్టె ఎక్కడ మడవాలి, మందుల పెట్టె మూత ఎటు తెరుచుకోవాలి అని గీతలు గీయడం ఆమె పని. మిగిలిపోయిన అట్టముక్కలు ఇంటికి తెచ్చి, ఏళ్ళ తరబడి ఈ ఆటను కత్తిరించింది, అతికించింది, చింపి మళ్ళీ అతికించింది. గడియారాల షాపు యజమాని మాయమైపోతాడు. ఆడేవాళ్ళు ఆ షాపులో చిక్కుకుపోతారు. గోడమీది గడియారాలను బట్టి తాళం అంకెలు కనిపెట్టి, ఆఖరి కవరు విప్పి బయటపడాలి. ఒకరిని ఓడించి ఇంకొకరు గెలిచే ఆట కాదు. మునిగితే అందరూ మునుగుతారు, తేలితే అందరూ తేలతారు. ఎవరి కార్డు వాళ్ళకే కనిపిస్తుంది, అందులో ఉన్నది నోటితో మిగతావాళ్ళకు చెప్పాలి. కిటుకంతా అక్కడే ఉంది. ఇప్పటికి రెండు కంపెనీలు దాన్ని తిప్పి పంపాయి. మూడోదీ కాదంటే పెట్టెను అటకెక్కించి మళ్ళీ దాని మొహం చూడనని ఆమె ఒట్టు పెట్టుకుంది. పెట్టుకుందే గానీ, అటక వైపు చూడటానికి కూడా మనసొప్పడం లేదు.

మేనేజరు గారు రావడానికి కాస్త ముందు పై వాటా డాక్టరు గారు మెట్లమీది నుంచే కేకేశారు.

"అమ్మాయ్, ఏమనుకోకు! నలుగురికీ కళ్ళకలకలు వచ్చాయి. నీ కార్డులు చూడటం దేవుడెరుగు, మా మొహాలే మాకు కనపడటం లేదు!"

కోడలు వెంటనే మేనేజరు గారికి ఫోన్ చేసింది. ఆయన అప్పటికే దారిలో ఉన్నారు.

"మీ ఇంట్లో వాళ్ళు లేరామ్మా?"

"ఉన్నారండీ. కానీ…"

"ఆట గురించి తెలుసా వాళ్ళకి?"

"ఏమీ తెలీదండీ."

"ఇంకేం, నాకు కావలసింది అలాంటివాళ్ళే. ఒక్కటే షరతు. ఆట పూర్తయ్యేదాకా మీరు నోరు మెదపకూడదు. కొన్నవాళ్ళ ఇళ్ళన్నిటికీ వెళ్ళి మీరు చెప్పిరాలేరు కదా!"

ఆ ముగ్గురికీ ఆట తెలియకపోవడం పెద్ద చిక్కు కాదు. ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏదీ చెప్పరు, అదీ అసలు చిక్కు. మామగారు లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. పరీక్ష హాళ్ళలో కాపలా తిరిగి తిరిగి, ఇద్దరు మనుషులు తలలు దగ్గర పెట్టి గుసగుసలాడితే అది కాపీయే అన్న అభిప్రాయానికి వచ్చేశారు. భర్త టెలిఫోన్ కంపెనీలో ఫిర్యాదుల విభాగం. ఏం చెప్పినా "చూస్తామండీ" అంటాడు, చూడడు. అత్తగారు ఇంట్లో ఏ వస్తువు ఎక్కడ పెట్టిందీ తనలోనే దాచుకుంటుంది. చెబితే ఆవిడ విలువ తగ్గిపోతుందని భయం.

మేనేజరు గారు వచ్చారు. నీళ్ళకాగు మూతలా నున్నగా మెరిసే బట్టతల, నవ్వడం ఎప్పుడో మానేసిన మొహం. కొన్ని వందల ఆటలు చూసిన మనిషాయన. గంట తర్వాత మోగేలా అలారం గడియారం తిప్పి బల్లమీద పెట్టి, ఒక మూల కుర్చీలో కూర్చున్నారు. కోడలు ఆయన పక్కనే పెదవులు బిగించుకుని నిలబడింది. సినిమా పోయినందుకు భర్త ఒక్కడే కాస్త విచారంగా ఉన్నాడు.

మామగారు నియమాల కాగితం తీసుకుని గంభీరంగా చదివారు. "ఎవరి కార్డు వారే చూడవలెను." అంతే, కాగితం మడిచేశారు. "భేష్! క్రమశిక్షణ గల ఆట!" రెండో వాక్యంలో, చూసినది బిగ్గరగా చెప్పుకోవలెను అని ఉంది. కోడలు కాలి బొటనవేలితో నేలమీద రాస్తూ ఉండిపోయింది.

మామగారు ముగ్గురి కుర్చీలనూ మూడు మూలలకు జరిపించారు. అత్తగారు "ఏమండీ, ఈ గడియారం…" అనబోతే "ఉష్! తల తిప్పకు!" అన్నారు. భర్త దగ్గితే, ఎన్నిసార్లు దగ్గాడో లెక్కపెట్టి, "ఏరా, సైగలా?" అని గద్దించారు. అత్తగారు చేసే పనేమీ లేక తన కార్డు వంక తేరిపార చూసింది. దానిమీద ఒక గడియారం పక్కన నూనె చుక్క ఉంది. ఆట మొత్తానికి ప్రాణం ఆ చుక్కలోనే ఉంది. అది ఉన్న గడియారం ఒక్కటే నిజం చెబుతుంది. అత్తగారు కొంగు నాలుకతో తడిచేసి శుభ్రంగా తుడిచేసింది.

"అట్టముక్కలు తెచ్చుకుంటే తెచ్చుకుంది, కాస్త మరకలు లేనివి తెచ్చుకోకూడదూ!" అని గొణిగింది కూడా.

కోడలికి అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. ఆ కార్డు ఇంట్లో ప్రింటరు మీద తీసింది, రెండోది లేదు. మేనేజరు గారు చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నారు. అతిథి మర్యాదలో మాత్రం ఆ ఇంటికి వంక పెట్టడానికి లేదు. అత్తగారు ఆయనకు టీ మీద టీ ఇచ్చింది. నాలుగో గ్లాసు అయ్యాక ఆయన లేచి, "బాత్రూమ్ ఎటండీ?" అన్నారు. మామగారు ఇన్విజిలేటరు హోదాలో "వెళ్ళండి, త్వరగా రండి" అని చేయి చూపించారు.

ఇక్కడ ఆ ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. బాత్రూమ్ తలుపు తాళం ఎన్నేళ్ళుగానో పడదు. అందుకని లోపలికి వెళ్ళినవాళ్ళు తలుపు దగ్గరగా వేసి, ఉన్నంతసేపూ పాడుతూ ఉండాలి. మామగారు పదిహేడో ఎక్కం, పంతొమ్మిదో ఎక్కం రాగయుక్తంగా చదువుతారు. అత్తగారు జోలపాట. భర్త "మీ కాల్ మాకెంతో విలువైనది, దయచేసి లైనులో ఉండండి" అని పాడతాడు. కోడలు ఈల వేస్తుంది. పాట వినిపిస్తే లోపల మనిషి ఉన్నట్టు, లేకపోతే ఖాళీ. ఈ సంగతి అతిథికి పక్కవాళ్ళు చెప్పే ఉంటారని ఎవరికి వారు అనుకున్నారు. కోడలికేమో నోరు తెరిచే యోగం లేదు. మేనేజరు గారు పెద్దమనిషి కాబట్టి పాడలేదు. పెద్దమనిషి కాబట్టే తలుపును గట్టిగా నెట్టి మూసుకున్నారు.

కాసేపటికి లోపలి నుంచి మర్యాదగా తలుపు తట్టిన చప్పుడు వినిపించింది.

"ఏమండీ… ఈ తలుపు రావడం లేదు."

"మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నామండీ!" అన్నాడు భర్త అలవాటుకొద్దీ.

అత్తగారు ముక్కున వేలేసుకుంది. "అసలు పడని తాళం ఎలా పడిందే!" మామగారు పైకప్పు వంక చూస్తూ నిలబడ్డారు. భర్త తలుపు తోశాడు, రాలేదు. భుజంతో ఒకటి ఇచ్చాడు. ఆ అదురుకు లోపల సబ్బుల అర ఊడి కుళాయి మీద పడింది. కుళాయి మూతి ఊడి బకెట్లో పడింది.

"నీళ్ళు చిమ్ముతున్నాయండీ!" అన్నారు మేనేజరు గారు.

"తువ్వాలుతో నొక్కి పట్టుకోండి!" అంది అత్తగారు.

"పట్టుకున్నాను. తువ్వాలు జారి నీళ్ళు పోయే కన్నంలో ఇరుక్కుంది. ఇప్పుడు నీళ్ళు బయటికి పోవడం లేదు."

మామగారికి పౌరుషం వచ్చింది. "నీళ్ళు కట్టేస్తానుండండి!" అని పెరట్లోకి పరుగెత్తి, గోడమీద కనపడ్డ మీట ఒకటి దించేశారు. అది కరెంటుది. బాత్రూమ్‌కు కిటికీ లేదు.

"చీకటి కూడా అయిందండీ," అన్నారు మేనేజరు గారు. ఆ గొంతులో ఇంకా మర్యాద ఉంది గానీ, ఒంటిమీద పొడి చోటు మాత్రం లేదు.

కోడలు చేతులతో సైగలు చేసింది, తల కొట్టుకుంది. బల్లమీద అలారం టిక్కు టిక్కుమంటోంది. నోరు తెరిస్తే షరతు తప్పినట్టే, ఏళ్ళ కష్టం అటకెక్కినట్టే. తెరవకపోతే బొమ్మల కంపెనీకి మేనేజరు మిగిలేట్టు లేడు. ఆమె అట్టపెట్టె వంక ఒకసారి చూసుకుంది. కన్నీళ్ళు వచ్చాయి. ఆ కన్నీళ్ళతో పాటే కోపమూ వచ్చింది.

"చాలు!" అంది. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె గొంతు అంత పైకి లేవడం వాళ్ళు వినలేదు. "మొన్నటిదాకా పడని తాళం ఇవాళ తనంతట తను బాగుపడిందా? మీ ముగ్గురిలో ఎవరికి ఏం తెలుసో చెప్పండి. ఎవరి ముక్క వాళ్ళు దాచుకుంటే ఈ తలుపు తెరుచుకోదు. మామయ్యా, ముందు మీరు."

మామగారు గొంతు సవరించుకున్నారు. జీవితంలో మొదటిసారి ఆయన కాపీ కొడుతూ దొరికిన కుర్రాడిలా ఉన్నారు.

"అది… ఆ తాళం బాత్రూమ్‌ది కాదమ్మా. సామాన్ల గదిది. మొన్న మీరెవరూ లేనప్పుడు రెండు తాళాలూ విప్పి, అటుది ఇటూ ఇటుది అటూ బిగించాను."

"ఎందుకండీ?" అంది అత్తగారు.

"సామాన్ల గదికి పడని తాళం ఉంటే… తోస్తే తెరుచుకుంటుంది కదా అని."

సామాన్ల గదిలో బిస్కెట్ల డబ్బా ఉంది. మామగారికి షుగరు. ఆ గదికి అత్తగారు తాళం వేసుకునేది అందుకే. తలుపు గట్టిగా మూస్తే చాలు, ఆ తాళం తనంతట తనే పడిపోతుంది. బయటి నుంచి తాళంచెవితో తప్ప రాదు. సామాన్ల గదిలో కాపురం ఉండేవాళ్ళు ఎవరూ ఉండరు కాబట్టి లోపలివైపు పిడి పెట్టలేదు. ఇంట్లోవాళ్ళు తలుపు దగ్గరగా వేసి పాడుకునేవాళ్ళు కనక, మొన్నటి నుంచీ ఎవరూ చిక్కుకోలేదు.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా!" అని అత్తగారు అందుకుంది.

"అత్తయ్యా, తిట్లు తర్వాత. ఆ తాళంచెవి ఎక్కడ?"

అత్తగారు ఆస్తి పంచి ఇస్తున్నంత బాధగా చెప్పింది. "పిండి డబ్బాలో. అడుగున."

కోడలు పిండి డబ్బాలో మోచేతిదాకా చేయి పెట్టి కెలికింది. పిండి తప్ప ఏమీ లేదు. అందరూ భర్త వైపు తిరిగారు. అతను "చూస్తామండీ" అనబోయి, భార్య మొహం చూసి మానుకున్నాడు.

"నా ఆఫీసు బూటులో ఉంది. రాత్రి బిస్కెట్లు తిందామని తీశాను. ఎంత తిప్పినా తాళంచెవి పట్టలేదు. తాళం నేనే పాడుచేశాననుకుని భయమేసి దాచేశాను."

"తోసి చూడలేకపోయావుట్రా, వెధవా?" అన్నారు మామగారు జాలిగా.

తలుపు తెరుచుకుంది. ముందు నీళ్ళు వచ్చాయి, తర్వాత సబ్బు వచ్చింది, ఆ వెనక మేనేజరు గారు వచ్చారు. భర్త పొడి బట్టలు తెచ్చి ఇచ్చి, ఈసారి నిజంగానే వెళ్ళి నీళ్ళు కట్టేశాడు.

చిత్రమేమిటంటే, ఒకసారి గేట్లు ఎత్తాక ఆ ఇంట్లో మాటలు ఆగలేదు. అలారానికి ఇంకా కొద్ది నిమిషాలు ఉంది. మామగారు కుర్చీలన్నీ బరబరా దగ్గరికి లాగారు. "ఒప్పుకోవడం ఎలాగూ ఒప్పుకున్నాం. నా కార్డులో గడియారాలు వరుసగా ఉన్నాయి, పెద్దది మొదలు." "నా దాంట్లో ఆగిపోయినవి మూడు," అన్నాడు భర్త. అత్తగారు కొంగు నలిపింది. "నా దాంట్లో కోడి బొమ్మ గడియారం పక్కన నూనె చుక్క ఉండేది. మరకనుకుని తుడిచేశాను. తప్పు నాదే." ఆ మాట ఆవిడ నోట ఇంట్లోవాళ్ళు వినడం అదే మొదటిసారి. మామగారు చప్పట్లు కొట్టారు. తలలు మూడూ ఒక్కచోట చేరాయి, వేళ్ళు అంకెల మీద పరుగెత్తాయి, ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడింది. అలారం గణగణమంటూ ఉండగానే అత్తగారు ఆఖరి కవరు చించేసింది.

"బయటపడ్డాం!" అని ముగ్గురూ ఒక్కసారే అరిచారు. మామగారు కొడుకును కావలించుకున్నారు. అత్తగారు కోడలి రెండు బుగ్గలూ పిండి "ఇదంతా నువ్వే చేశావుటే, తల్లీ?" అంది. కోడలికి ఆ క్షణాన ఇంకేమీ అక్కర్లేదనిపించింది. పెట్టె అటకెక్కినా సరే, తన ఆట ఈ ఇంటిని గెలిచింది.

మేనేజరు గారు భర్త పొట్టి పాంటులో, తన పుస్తకం మూసి లేచారు.

"మీరు మాట్లాడారమ్మా. షరతు తప్పారు. ఈ ఆట నేను తీసుకోను."

అత్తగారు నడుం బిగించి ముందుకు రాబోయింది.

"ఈ ఆట వద్దు," అన్నారు ఆయన మళ్ళీ. "నేనాడింది కావాలి. చీకట్లో నీళ్ళలో నిలబడి ఉంటే, ఈయన ఒక ముక్క, ఈవిడ ఒక ముక్క, ఆ అబ్బాయి ఒక ముక్క బయటి నుంచి వినిపిస్తుంటే, ఎన్నాళ్ళకో నా గుండె దడదడలాడిందమ్మా. చివర నవ్వు కూడా వచ్చింది, చీకటి కాబట్టి మీరు చూడలేదు. ఒక మనిషిని తలుపవతల పెట్టండి. వాణ్ణి బయటికి తేవడానికి మిగతావాళ్ళు నోళ్ళు విప్పాలి. అలా మార్చి తెండి, పెట్టె మీద మీ పేరు పెద్దక్షరాలతో అచ్చు వేయిస్తాను."

కోడలు ఏడ్చింది, నవ్వింది, ఆయన తడి బట్టలు తీసుకెళ్ళి ఎండలో ఆరేసింది. మామగారు ఆ ఆనందంలో రెండు బిస్కెట్లు తిన్నారు, అదీ అత్తగారి చేతి మీదుగా. నెల తిరక్కుండానే కొత్త ఆట తయారైంది. మేనేజరు గారు మొదటి పెట్టెను తన ఇంట్లోవాళ్ళతో ఆడి చూడటానికి పట్టుకెళ్ళారు.

మర్నాడు ఆయన కోడలికి ఫోన్ చేసి, తనను గదిలో పెట్టి తలుపేశాక సాయంత్రందాకా బయట ఎవ్వరూ నోరు విప్పలేదనీ, పెళ్ళయ్యాక అంత ప్రశాంతమైన ఆదివారం ఎరగనంటూ తన భార్య ఆటకు నూటికి నూరు మార్కులు వేసిందనీ చెప్పారు.