ముప్పై ఫ్లోరిన్లకి గోడెక్కిన మొహం

అయ్యలారా, అమ్మలారా, మీలో ఎవరి బొమ్మయినా కచేరీ గోడమీద ఉందా? లేదు కదూ! నాది ఉంది. నిలువెత్తుకి మించి ఉంది. చిల్లిగవ్వ ఖర్చు లేకుండా ఉంది. కాకపోతే తలకిందులుగా ఉంది. అంతే తేడా!

అప్పు తీర్చనివాణ్ణి ఒంటికాలికి తాడు కట్టి వేలాడదీసినట్టు బొమ్మ గీసి, కింద వాడి పేరూ తండ్రి పేరూ రాయాలని మా మోంతెకుర్వో ఊరి పెద్దలు కొత్తగా చట్టం చేశారు. దీన్ని అవమానం అంటున్నారు కొందరు అజ్ఞానులు. పేదవాడికి ఇంతకు మించిన వరం లేదంటాను నేను!

ఆలోచించండి. మా ఊళ్ళో బొమ్మకెక్కినవాడు నేను కాక ఇంకొక్కడే ఉన్నాడు. నాకు అప్పిచ్చిన ఉబాల్దో షావుకారు. చర్చి పీఠం మీది పటంలో మరియమ్మ తల్లి పాదాల దగ్గర మోకరించి ఉంటాడు. దానికి నూరు ఫ్లోరిన్లు పోశాడు. బంగారు రేకు తెప్పించాడు, సముద్రం అవతలినుంచి నీలిరంగు తెప్పించాడు. తీరా చూస్తే పిల్లికూనంత ఉన్నాడు! కొత్తగా వచ్చినవాళ్ళు ఎలక అనుకుని చెప్పు తీస్తారు. మరి నేను? నా ముక్కు ఒక్కటే షావుకారంత ఉంటుంది!

ఈ కళ ఎక్కడినుంచి ఎక్కడికి ఎదిగిందో మీకు తెలీదు, మీరు కుర్రకారు. మా తాతల కాలంలో బొమ్మలూ గిమ్మలూ లేవు. అప్పు ఎగ్గొట్టినవాణ్ణి సంతలో నల్లరాయి దగ్గరికి ఈడ్చుకెళ్ళి, లాగు విప్పి, నలుగురు కాళ్ళూ చేతులూ పట్టి ఆ రాయిమీద మూడుసార్లు కుదేసేవారు. మా తాతని కుదేస్తే రాయే చీలిందని మా నాయనమ్మ చెప్పేది. అబద్ధమంటారా? ఆ చీలిక ఇప్పటికీ ఉంది. వానాకాలంలో పిచ్చుకలు అందులో నీళ్ళు తాగుతాయి. మా నాన్న కాలానికి బాకా ఊది పేరు చాటడం వచ్చింది. ఆ తర్వాత చర్చి గోడమీద నరకం గీశారు. అందులో వడ్డీ వ్యాపారి మెడలో డబ్బుసంచీ వేలాడుతుంటుంది, దయ్యం వాడి నోట్లో కరిగిన బంగారం పోస్తుంటుంది. అద్భుతంగా ఉంటుందట. నేను చూడలేదు. సరిగ్గా ఆ మూలకి అడ్డంగా ఉబాల్దో షావుకారు పెద్ద బీరువా ఒకటి దానం చేశాడు. ధర్మాత్ముడు!

పిర్రల దగ్గర మొదలైన కళ మొహం దాకా వచ్చింది. ఇది నాగరికత కాకపోతే మరేది నాగరికత?

ఇంతకీ నా అప్పు ముప్పై ఫ్లోరిన్లు. దాంతో కుంకుమపువ్వు దుంపలు కొన్నాను. కుంకుమపువ్వు బంగారంతో సమానమని అందరూ చెప్పారు. ఆ సంగతి ముళ్ళపందులకి నాకంటే ముందే తెలుసు. వారంలో మడి మొత్తం తవ్వి తినేశాయి. ఆ ఏడాది మా కొండమీద ముళ్ళపందులన్నీ పచ్చగా, ఘుమఘుమలాడుతూ తిరిగాయి. ఒకదాన్ని పట్టి వండితే ఆ వాసనకి పక్క ఊరివాళ్ళు పళ్ళేలు పట్టుకుని వచ్చేశారు.

గడువు దాటింది. మా బావమరిది బొగ్గుబట్టీల దగ్గర మూడు వారాలపాటు బొగ్గు వ్యాపారం నేర్చుకున్నాను. నిజం చెప్పొద్దూ, దాక్కున్నాను. తిరిగొచ్చేసరికి గోడెక్కి ఉన్నాను. మరి జైల్లో వెయ్యలేదేం అంటారా? జైల్లో వేస్తే తిండి పెట్టాలి. గోడకి తిండి అక్కర్లేదు!

గీసినవాడు మా ఊరి మెయో. అతనికి పునీతుల బొమ్మలు తప్ప ఇంకేమీ చేతకావు. వాళ్ళ నాన్న ఇచ్చిపోయిన మూసలున్నాయి. గీతల వెంట సూదితో బెజ్జాలు పొడిచిన తోలు ముక్కలు. వాటిని గోడకి ఆనించి బొగ్గుపొడి అద్దితే రూపం దిగుతుంది. తలకిందులుగా ఉన్న మనిషికి అతని దగ్గరున్న మూస ఒక్కటే. పునీత పేతురుగారిది. ఆయన్ని తలకిందులుగానే కదా సిలువ వేశారు! మెయో సిలువ తీసేసి తాడు గీశాడు. మెడకి ఖాళీ సంచీ తగిలించాడు. మిగతాదంతా పేతురుగారే. ఆ బట్టతల, ఆ ఉంగరాల తెల్లగడ్డం, ఆ దయగల చూపు! అలవాటుకొద్దీ తలచుట్టూ తేజోవలయం కూడా గీసి, గుర్తొచ్చి సున్నం పూశాడు. వాన పడితే మళ్ళీ పచ్చగా బయటికొస్తుంది.

"ఒరేయ్ మెయో, నాకు గడ్డం ఎక్కడిదిరా?" అని అడిగాను.

"పెంచుకో మామా. మళ్ళీ గీస్తే కచేరీవాళ్ళు కూలివ్వరు."

పెంచుకున్నాను. నాలుగు నెలలకి ఆ బొమ్మ పోలికలు నాకు వచ్చాయి.

ఇక కొండపల్లెల నుంచి సంతకొచ్చే ముసలమ్మలకి అక్షరం ముక్క రాదు. బొమ్మ కింద "బార్తో కొడుకు నాద్దో, బాకీదారు, మోసగాడు" అని రాసి ఉంటే మాత్రం వాళ్ళకేం తెలుసు? ఒకావిడ సిలువగుర్తు వేసుకుంది. ఇంకో ఆవిడ మోకాళ్ళ నొప్పులకి కొవ్వొత్తి వెలిగించి మొక్కి, లేచి నడిచి వెళ్ళింది. నడిచే వచ్చింది లెండి, ఆ సంగతి ఎవరూ అడగలేదు. నెల తిరిగేసరికి నా కాళ్ళ దగ్గర, అంటే నా తల దగ్గర, కొవ్వొత్తులూ గుడ్లూ జున్నుముద్దలూ చిల్లర డబ్బులూ కుప్పపడ్డాయి. గొర్రెలకి జబ్బు చేస్తే మందని మందే నా ముందుకి తోలుకొచ్చారు.

ఒకరోజు నన్ను నేను చూసుకుంటూ నిలబడితే ఒక ముసలమ్మ మోచేత్తో పొడిచింది.

"తప్పుకో నాయనా, సామికి అడ్డం నిలబడ్డావు."

"అవ్వా, అది నేనే."

"పొద్దున్నే పట్టించావా? పెద్దాయనవి, సిగ్గు లేదూ?"

చిల్లర రాలే చోట పెట్టె మొలవకుండా ఉంటుందా? కచేరీవాళ్ళు ఒక పెట్టె పెట్టారు. పాదిరిగారు దాని పక్కనే ఇంకోటి పెట్టారు. తగువు మొదలైంది. కింద నాద్దో పేరుంది కాబట్టి అది బాకీదారు బొమ్మ, రాబడి కచేరీకీ అప్పిచ్చిన షావుకారుకీ చెరిసగం అంటాడు కచేరీ నోటరీ లాందో. జనం మొక్కింది పేతురుగారికి, ఆ పేరు గీకేసి రాబడి చర్చికి ఇమ్మంటారు పాదిరిగారు. చూశారా! పేరుంటే డబ్బు కచేరీకి, పేరు పోతే చర్చికి. "నీ పేరు చెప్తే గుప్పెడు ఉప్పు కూడా పుట్టదురా" అనేవాడు మా నాన్న. పాపం, ఈ వైభవం చూడకుండానే పోయాడు.

ఇలా హాయిగా వేలాడుతూ ఉండగా, కమ్మరి బిందో ఇంట్లో బిడ్డ పుట్టింది.

బిందో నా ప్రాణస్నేహితుడు. మొదటి బిడ్డని జ్ఞానస్నానంలో ఎత్తుకునే జ్ఞానతండ్రివి నువ్వే అని తన పెళ్ళినాడే నా దగ్గర మాట తీసుకున్నాడు. ఆ తర్వాత పదకొండేళ్ళు ఉయ్యాల ఖాళీ. చివరికి అందులో మేకులు పోసుకున్నాడు. ఇప్పుడు ఆడపిల్ల పుట్టింది. మేకులన్నీ ఏరి పారేసి, ఒక్కటైనా మిగిలిందేమోనని రోజంతా ఉయ్యాల తడుముతూ కూర్చున్నాడు.

కానీ గోడమీద పేరున్నవాడు సాక్ష్యం చెప్పకూడదు, ఏ బిడ్డనీ జ్ఞానస్నానపు తొట్టి దగ్గర ఎత్తుకోకూడదు. చట్టం!

కంచరగాడిదని అమ్మాను. మా ఆవిడ నూత తన వెండి నడికట్టు విప్పి ఇచ్చింది. ముప్పై ఫ్లోరిన్లు మూటగట్టుకుని కచేరీకి వెళ్ళాను.

"లెక్కపెట్టుకోండి నోటరీగారూ. నా పేరు చెరిపెయ్యండి."

లాందో మొహం పాలిపోయింది. "ఇదేం దౌర్జన్యం నాద్దో? చెప్పాపెట్టకుండా వచ్చి అప్పు తీర్చేస్తానంటే ఎలా? వంతెన బాగుచేయించాలి. ఊరి మంచి ఆలోచించవా?"

"గడువు దాటిందనే కదా నన్ను గోడెక్కించారు?"

"దాటింది కాబట్టే తీసుకోలేం. గడువులోగా తెచ్చుంటే తీసుకోమా?"

షావుకారు ఇంటికి పరిగెత్తాను. తలుపు వెనకనుంచి ఆయనే "షావుకారుగారు ఇంట్లో లేరు" అన్నాడు. అప్పుపడ్డవాడు తలుపు వెనక దాక్కోవడం నాకు తెలుసు, నేనే దాక్కున్నాను. అప్పిచ్చినవాడు దాక్కోవడం చూసింది మాత్రం అప్పుడే!

మూడు వారాలు గడిచాయి. నాకోసమని బిందో ఆగుతూ వచ్చాడు. ఇంతలో బిడ్డకి దగ్గు పట్టుకుంది. జ్ఞానస్నానం కాకుండా జరగరానిది జరిగితే? ఇక ఆగడానికి లేదన్నారు. ఆదివారం అందరం చర్చికి వెళ్ళాం. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. ముందు బల్లమీద నోటరీ, షావుకారు కూర్చున్నారు.

"బిడ్డని ఎవరు ఎత్తుకుంటున్నారు?" అన్నారు పాదిరిగారు.

"నాద్దో," అన్నాడు బిందో.

"వీల్లేదు. అతని బొమ్మ గోడమీద ఉంది."

"ఎవరి బొమ్మ సామీ?"

"నాద్దోది."

నోటరీ చప్పున లేచాడు. "అందరూ విన్నారుగా! నాద్దోదే అన్నారు. అయితే పెట్టె మాది."

పాదిరిగారు గతుక్కుమన్నారు. "ఉండవయ్యా! అది... అది పేతురుగారిది."

"పేతురుగారిదైతే నాద్దో గోడమీద లేనట్టేగా?" అన్నాడు బిందో. "పదకొండేళ్ళు సామీ. ఒక్క మాట చెప్పండి. ఎవరిదది?"

బిడ్డ దగ్గింది. పాదిరిగారు నోటరీని చూశారు. బిడ్డని చూశారు. కచేరీ గోడ ఉన్న వైపు ఒకసారి చూశారు. ఏది చూసి అన్నారో నాకు తెలీదు. బిడ్డని చూసే అన్నారనుకుంటాను.

"పేతురుగారిది," అన్నారు. "రావయ్యా నాద్దో, అక్కడే నిలబడ్డావేం?"

ఎలా నడిచానో తెలీదు. బిడ్డ పిడికెడంత ఉంది. నా గడ్డం పట్టుకుంది, నీళ్ళు పోసినా వదల్లేదు. అది అప్పుల గడ్డమని దానికేం తెలుసు? దగ్గు వారంలో తగ్గింది. బొమ్మ మహిమ అని ఊరంతా అన్నారు. నూత కాచిన తేనె కషాయం మహిమ అని నేనంటాను.

మర్నాడే పాదిరిగారు మనుషుల్ని పంపి నా పేరు గీకించేశారు. కచేరీకి రాబడి పోయింది. షావుకారు తలుపు దానంతటదే తెరుచుకుంది. ముప్పై ఫ్లోరిన్లూ తీసుకుని, ఆలస్యం చేసినందుకు ఇంకో రెండు అడిగాడు!

అయ్యలారా, ఇంతసేపూ వరం వరం అన్నాను. ఒట్టి మాట. తలకిందులుగా గీసినందుకు కాదు నా ఏడుపు. తప్పు చేశాను, గీశారు, న్యాయమే. తీర్చనంతకాలం మోసగాడన్నారు. తీరుస్తానంటే దౌర్జన్యం అన్నారు. ఈ ఊరికి నాద్దో ఏనాడూ అక్కర్లేదు. నాద్దో అప్పే కావాలి.

నమ్మకం లేదా? నిన్న నోటరీ లాందో మా ఇంటికి వచ్చాడు. ఎంత మర్యాద! టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"కుంకుమపువ్వు నాటే అదను వస్తోంది నాద్దో. నలభై ఫ్లోరిన్లు తీసుకో. గడువు ఎక్కువ పెట్టంలే, తొందరగానే దాటిపోతుంది. మెయో దగ్గర ఇంకో మూస ఉందట. పునీత లారెన్సుగారిది. ఇనప చట్రం మీద పడుకోబెట్టి కింద మంట పెడతారే, ఆయనది."

"ఆయనకి భక్తులు ఎక్కువేనా?" అని అడిగేశాను. అలవాటైపోయిన ప్రాణం!

లోపలినుంచి నూత కేకేసింది. "పెనం కాలుతోంది! నోటరీగారిని లోపలికి రమ్మనండి, ముందు ఆయనకి కొలత చూద్దాం."

ఆ వయసులో ఆయన మెట్లు అంత వేగంగా దిగుతాడని నేననుకోలేదు. వీధిలో నిలబడి టోపీ సర్దుకున్నాడు, మళ్ళీ తీశాడు, పక్కింటి తలుపు కొట్టాడు.

తెరుచుకుంది.