వంటింటి కిటికీ దగ్గర మూడు నిమిషాలు

ఆ ఉదయం ఎక్స్ఛేంజి అత్తయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. సెల్‌ఫోన్ కంపెనీ నుంచి సర్వే ఇంజనీరు వస్తాడు. అతన్ని తిన్నగా వంటింట్లోకి తీసుకెళ్లి, కిటికీ పక్కన నిలబెట్టి, సిగ్నలు నిండుగా ఉందని చూపించి, ఒక కప్పు టీ ఇచ్చి పంపించెయ్యాలి. మిగతా ఇల్లు చూపించకూడదు. మెట్ల మీద అసలు నిలబడనివ్వకూడదు. ముఖ్యంగా, ఆడపడుచు బజారు నుంచి తిరిగొచ్చేలోగా అతను వీధి మలుపు దాటిపోవాలి.

ఎందుకంటే కంపెనీకి ఫిర్యాదు చేసింది ఆ ఆడపడుచే. ఆ భవనంలో చిట్టచివరి అంతస్తు ఫ్లాటులో వదినా మరదళ్లు ఇద్దరే ఉంటారు. మరదలు బ్యాంకులో క్యాషియరుగా చేసి రిటైరైంది. మనుషులనేవాళ్లు ఎప్పుడూ అద్దానికి అవతలే ఉండాలని ఆవిడ గట్టి నమ్మకం. వదిన, అంటే అత్తయ్య, ఊళ్ల మధ్య ఫోన్లు కలిపే ట్రంకు ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. ఊళ్లన్నీ చెవిలోకొచ్చి పడుతుంటే తీగ ఇటు తీసి అటు గుచ్చుతూ వయసంతా గడిపిన మనిషి. ఇద్దరికీ ఇల్లంటే ఒకే అర్థం ఎలా ఉంటుంది?

ఆ చుట్టుపక్కల అద్దాల మేడలు లేచి, పాత భవనాలకు సిగ్నలు రాకుండా మూసేశాయి. రెండు మేడల మధ్య మిగిలిన సందులోంచి దూరపు టవరొకటి ఈ భవనం వైపు తొంగిచూసేది. ఆ సందుకు సరిగ్గా ఎదురుగా ఉన్నది అత్తయ్య వంటింటి కిటికీ ఒక్కటే. డాబా మీద కూడా వచ్చేదేమో, కానీ డాబా తలుపుకు తాళం ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో వాచ్‌మన్‌తో సహా ఎవరికీ తెలియదు. అందువల్ల ఫోను చెయ్యాలంటే భవనం మొత్తం మెట్లెక్కి వచ్చి అత్తయ్య వంటింట్లో నిలబడాల్సిందే.

అత్తయ్య వాళ్లను ఊరికే నిలబెట్టలేదు. ఎక్స్ఛేంజి పద్ధతులన్నీ పెట్టింది. వచ్చిన వరసలో నిలబడాలి. అర్జెంటయితే ముందే చెప్పాలి. మనిషికి మూడు నిమిషాలు. గడువు కాగానే పొయ్యి దగ్గర్నుంచే, "మూడు నిమిషాలైంది, పొడిగించమంటారా?" అనేది. ఎవరేం మాట్లాడినా ఆవిడ చెవిన పడేది. పెదవి దాటేది మాత్రం కాదు. రిటైరయ్యాక కొన్నేళ్లు ఆవిడతో ఎవరికీ పనిలేకపోయింది. పొద్దున్నే తయారై కూర్చుంటే ఆ రోజు ఎందుకొచ్చిందో ఆవిడకే తెలిసేది కాదు. ఆ కిటికీ పుణ్యమా అని మళ్లీ నలుగురికి కావలసిన మనిషైంది. ఆ ఫిర్యాదు సంగతి తెలిసిన రోజు ఆవిడకు ముద్ద దిగలేదు.

"వదినా, ఇది వంటిల్లా, బస్టాండా?" అని మరదలు రోజూ అడుగుతూనే ఉంది. "ఎవరెవరి చెప్పులో తొక్కుకుంటూ వచ్చి కాఫీ పెట్టుకోవాలి. కంపెనీవాడొచ్చి ప్రతి ఇంట్లోకీ సిగ్నలు తెప్పిస్తే పీడా పోతుంది!"

ఇంజనీరు చెప్పిన వేళకే వచ్చాడు. మెడలో కార్డు, చేతిలో ఒక పరికరం. పథకం ప్రకారం అత్తయ్య అతన్ని కిటికీ దగ్గరికి నడిపించింది.

"చూశావుగా బాబూ, నిండుగా ఉంది. ఏ లోటూ లేదు. పంచదార ఎంత వెయ్యను?"

"సిగ్నలు బాగానే ఉందమ్మా. అందుకే నాకు అర్థం కావట్లేదు," అన్నాడతను పరికరం వైపు చూస్తూ. "ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

"ఇద్దరమే. నేనూ, మా ఆడపడుచూ."

ఇంజనీరు తన ఫోనులో ఒక మ్యాపు తీసి చూపించాడు. ఆ ప్రాంతమంతా వెలిసిపోయినట్టు ఉంది. ఒక్కచోట మాత్రం ఎర్రగా పెద్ద మచ్చ. "ఎక్కణ్ణుంచి ఎన్ని ఫోన్లు మాట్లాడుతున్నారో మాకు దీంట్లో తెలుస్తుందమ్మా. ఈ చుట్టుపక్కల అన్నిటికంటే ఎక్కువ కాల్స్ వెళ్లేది ఈ మచ్చ దగ్గర్నుంచే. వందకు పైగా ఫోన్లు. ఇక్కడేదో షాపింగ్ కాంప్లెక్సు ఉందని మా మేనేజరు గారు అనుకుంటున్నారు." అతను చుట్టూ చూశాడు. రెండు పొయ్యిల స్టవ్వు, బోర్లించిన కప్పులు, ఒక స్టూలు.

సిగ్నలు లేని ఇళ్లు మాట్లాడలేవు. మాట్లాడని ఇళ్లు ఆ మ్యాపులోకి రావు. ఆ సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తే సరిపోయేది. కానీ చెప్పిన మరుక్షణం భవనానికి యాంటెన్నా వస్తుంది, వంటింటికి మనుషులు రావడం మానేస్తారు.

"మాకు చుట్టాలెక్కువ బాబూ," అంది. "వస్తూ పోతూ ఉంటారు."

"వంద ఫోన్ల చుట్టాలా?"

"మాది పెద్ద కుటుంబం."

పుట్టి బుద్ధెరిగాక అత్తయ్య ఆడిన అబద్ధాలు తక్కువ. అలవాటు లేని పని కావడంతో అది చెయ్యి జారిపోయింది. సరిగ్గా అప్పుడే రెండో అంతస్తు ఇన్సూరెన్సు ఏజెంటు తలుపు తోసుకుని వచ్చాడు.

"మా తమ్ముడు," అంది అత్తయ్య.

తనకు అక్క ఉన్నట్టు ఏజెంటుకు అదే మొదటిసారి తెలియడం. అయినా తన వంతు పోతుందన్న భయంతో తలూపేసి కిటికీ దగ్గరికి చేరాడు. ఫోను చెవికి ఆనగానే గొంతు తేనె పూసినట్టయింది. "నమస్కారమండీ! మీకొక శుభవార్త. మీ పాలసీ పూర్తయింది. మీ పుట్టినతేదీ, బ్యాంకు ఖాతా వివరాలు చెప్తే డబ్బులు పంపించేస్తాం. లేదండీ, మోసమేమీ కాదండీ. అందరూ మొదట అలాగే అంటారండీ!"

ఇంజనీరు టీ కప్పు పెదాల దాకా వెళ్లి ఆగిపోయింది.

తర్వాత కింది అంతస్తు దర్జీ వచ్చాడు. అత్తయ్య అతన్ని బాబాయిని చేసింది. దర్జీ ఎవరి మొహమూ చూడకుండా కిటికీలోంచి తన పనివాడికి కొలతలు చెప్పడం మొదలుపెట్టాడు. "రాసుకో. ముప్పై ఎనిమిది, ముప్పై నాలుగు, పదహారున్నర. పాతవాడిది కాదు, నిన్న దొరికాడే, ఆ లావుపాటాయనది. జాగ్రత్తగా కొయ్యి. కిందటిసారి ఎక్కువ కోసేసి గొడవైంది."

అతని వెనకే ఎదుటి ఫ్లాటు కొత్త కోడలు. ఆమె మేనకోడలైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుసగుసగా, "అమ్మా, ఇంట్లో ఎవరికీ తెలీకుండా వచ్చాను. మూడు నిమిషాలే ఉంది. ఇక్కడ టైము దాటనివ్వరు," అని కళ్లు తుడుచుకుంది.

"ఏమ్మా, ఆయన మీకేమవుతారు?" అని ఇంజనీరు దర్జీని చూపించి నెమ్మదిగా అడిగాడు.

"ఆయనా? ఏమీ కారు."

"ఈవిడో?"

"ఈవిడ అత్తయ్య. అందరికీ అత్తయ్యే. ఈవిడ చెప్పినట్టు వింటేనే ఇక్కడ ఫోను."

ఇంజనీరు కప్పు గట్టు మీద పెట్టేశాడు. తన వంతు వచ్చేదాకా నిలబడి, మేనేజరుకు ఫోను చేసి, మాటలు మింగుతూ ఏదో చెప్పాడు. మేనేజరు కంగారుపడి పోలీసులకు చెప్పాడు. మ్యాపులో షాపింగ్ కాంప్లెక్సు అనుకున్నది కాస్తా, మోసపు ఫోన్లు చేసే ముఠా అయి కూర్చుంది.

మరదలు కూరగాయల సంచీతో తిరిగొచ్చేసరికి తలుపు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్లున్నారు. వంటింట్లో ఇన్‌స్పెక్టరు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. గోడ వారగా ఏజెంటు, దర్జీ, కొత్త కోడలు, ఇంకో ఎనిమిది మంది వరసలో నిలబడి ఉన్నారు. పోలీసులు నిలబెట్టారనుకుంది ఆవిడ. కాదు, వాళ్లు రోజూ నిలబడే వరసే అది.

"వదినా! ఏం చేశావే!" అని సంచీ జారవిడిచింది. టమాటాలు ఇన్‌స్పెక్టరు బూట్ల దాకా దొర్లుకుంటూ పోయాయి.

"మీరెవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"బ్యాంకులో క్యాషియరునండీ. రిటైరయ్యాను."

ఇన్‌స్పెక్టరు, ఇంజనీరు మొహమొహాలు చూసుకున్నారు. బ్యాంకు మనిషి కూడా ఉందన్నమాట.

"అమ్మా, మీరే పెద్దలా ఉన్నారు," అని ఇన్‌స్పెక్టరు అత్తయ్య వైపు తిరిగాడు. "వీళ్లంతా ఇక్కణ్ణుంచి ఎవరితో మాట్లాడతారు? ఏం మాట్లాడతారు?"

"అది చెప్పకూడదండీ," అంది అత్తయ్య.

"ఎందుకు చెప్పకూడదు?"

"లైన్లో విన్నది బయట పెట్టకూడదు. అది మా రూలు."

"రూలా? ఎవరు పెట్టారు?"

"పైవాళ్లు," అంది అత్తయ్య, ఎక్స్ఛేంజి సూపర్‌వైజర్లను తలుచుకుని.

పైవాళ్లు కూడా ఉన్నారని తెలిశాక ఇన్‌స్పెక్టరు ఇక ఊరుకోలేదు. పెద్ద వ్యాను పంపించమని స్టేషన్‌కు చెప్పాలి, అదీ వీళ్లకు వినపడకుండా చెప్పాలి. ఫోను తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్లాడు. సిగ్నలు లేదు. ఒక అంతస్తు దిగాడు. లేదు. ఇంకోటి దిగాడు. వాచ్‌మన్ కుర్చీ దాకా దిగాడు. అక్కడ వాచ్‌మన్ జాలిగా చూసి, "పైన వంటింట్లోనే వస్తుంది సార్. వరసలో నిలబడాలి," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు రొప్పుతూ మళ్లీ పైకెక్కాడు. వరసను దాటుకుని కిటికీ దగ్గరికి వెళ్లి స్టేషన్‌కు ఫోను కలిపాడు. కానీ వ్యాను సంగతి ఇంకా నోటి దాకా రాలేదు. అవతలివాళ్లు వేరే కేసేదో చెబుతుంటే ఊఁ కొడుతున్నాడు.

"మూడు నిమిషాలైంది," అంది అత్తయ్య అప్రయత్నంగా. "పొడిగించమంటారా?"

ఇన్‌స్పెక్టరు ఫోను పెట్టేశాడు. కిటికీ వైపు చూశాడు, వరస వైపు చూశాడు, ఇంజనీరు చేతిలోని మ్యాపు వైపు చూశాడు. విషయం అతనికి నెమ్మదిగా తలకెక్కింది.

"ఏమయ్యా, ఈ బిల్డింగు మొత్తానికి సిగ్నలు వచ్చేది ఇక్కడొక్కచోటేనా?" అన్నాడు. ఇంజనీరు పరికరంతో మెట్ల దాకా వెళ్లొచ్చి తలూపాడు. ఇన్‌స్పెక్టరు అత్తయ్య వైపు తిరిగాడు. "మరి ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదమ్మా? చుట్టాలూ పక్కాలూ అని ఎందుకు చెప్పారు?"

అత్తయ్య కొంగుతో చేతులు తుడుచుకుంది. ఇక దాచడానికి ఏమీ లేదు.

"చెప్తే ఇంటింటికీ సిగ్నలు పెడతారు కదండీ," అంది. "అప్పుడు మా ఇంటికి ఎవరొస్తారు?"

ఏజెంటు, జీవితంలో మొదటిసారి, మోగుతున్న తన ఫోను తనే కట్టేశాడు. కొత్త కోడలు వచ్చి అత్తయ్య పక్కన నిలబడింది. మరదలు కింద కూర్చుని టమాటాలు ఏరుతూ ఉండిపోయింది. ఏరడం అయిపోయినా లేవలేదు.

జాలి ఎంత ఉన్నా కంపెనీ పని కంపెనీ చేసుకుపోయింది. నగరమంతా నెట్‌వర్కు కొత్తది చేస్తున్న రోజులవి. మేనేజరు మ్యాపు ముందేసుకుని, ఎర్రమచ్చ ఎక్కడుందో అక్కడే యాంటెన్నా పెట్టమన్నాడు. కంపెనీవాళ్లు డాబా తాళం పగలగొట్టారు. అత్తయ్య వంటింటికి సరిగ్గా నెత్తిన ఒక ఇనప స్తంభం నిలబెట్టి, దానికి తెల్లటి డబ్బాలు బిగించి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం నుంచి భవనంలో ప్రతి గదిలోనూ ఫోన్లు మోగాయి. స్నానాల గదుల్లోనూ మోగాయి. వంటింటికి ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. అత్తయ్య అలవాటుగా పెద్ద గిన్నెలో టీ నీళ్లు పెట్టడం, మళ్లీ చిన్న గిన్నెలోకి మార్చడం మరదలు చూస్తూనే ఉంది. తాను కోరుకున్న నిశ్శబ్దం ఇల్లంతా ఉంది. దాన్ని ఏం చేసుకోవాలో ఆవిడకూ తెలియలేదు. పైగా ఆ ఫ్లాటులో ఇప్పుడు ఒక్క గీత సిగ్నలు కూడా లేదు. ఇంజనీరును పిలిపిస్తే వచ్చి, తల గోక్కున్నాడు.

"ఆ దూరపు పాత టవరు తీసేశాం. కొత్త యాంటెన్నా నుంచి సిగ్నలు దూరానికి పోతుందమ్మా, సరిగ్గా కిందికి దిగదు. ఈ భవనంలో ఇప్పుడు సిగ్నలు రానిది మీ ఇల్లొక్కటే." అని, వెళ్లకుండా కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఫోను తీసి చూసుకున్నాడు. "అంటే, మా మేనేజరు గారు ఫోను చేసినా ఇక్కడికి రాదు," అన్నాడు మెల్లగా. ఆ రోజు అతను రెండు కప్పుల టీ తాగాడు.

ఆ మాట ఎలా పాకిందో గానీ, మొదట కొత్త కోడలు వచ్చింది. "అత్తయ్యా, కాసేపు ఇక్కడ కూర్చోనా? మా ఆయన ఆఫీసు నుంచి గంటకోసారి ఫోను చేసి ఏం చేస్తున్నావని అడుగుతున్నాడు. ఏమీ చెయ్యనివ్వకుండా!" తర్వాత దర్జీ వచ్చాడు. ప్యాంట్లు ఏవని నిమిషానికొకరు అడుగుతున్నారట. ఏజెంటుకు ఇప్పుడు పాలసీదార్లే తిరిగి ఫోన్లు చేస్తున్నారట. ఒక మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు వచ్చి టోపీ గట్టు మీద పెట్టి, "పై ఆఫీసరు గారు అడిగితే నేను ఫీల్డులో ఉన్నానని చెప్పండి," అన్నాడు. ఇక ఎవరికీ మూడు నిమిషాల గడువు లేదు. పెద్ద గిన్నె మళ్లీ పొయ్యెక్కింది. అత్తయ్య మొహం చూస్తే ఎక్స్ఛేంజిలో ప్రమోషన్ వచ్చిన రోజు కూడా అంత వెలుగు లేదేమో అనిపించేది.

మరదలు మూడు రోజులు ఓర్చుకుంది. నాలుగో రోజు కాఫీ పెట్టుకుందామని వెళితే స్టవ్వు దాకా దారి లేదు.

"సిగ్నలుంటే వస్తారు! లేకపోయినా వస్తారు!" అంది. "ఉండండి, ఈసారి కంపెనీవాళ్ల పైవాళ్లతోనే మాట్లాడతాను."

మాట్లాడాలంటే ఇంట్లో ఫోను పనిచెయ్యదు. కస్టమర్ కేరు వాళ్లు అరగంట సంగీతం వినిపించందే పలకరు కాబట్టి మెట్ల మీద నిలబడి అయ్యే పని కాదు. ఎవరింట్లోనైనా కూర్చుని చేద్దామని ఆవిడ ఎదుటి ఫ్లాటుకు వెళ్లింది. తాళం. ఒక్కొక్క అంతస్తే దిగి, ప్రతి తలుపూ చూసుకుంటూ కిందిదాకా వెళ్లింది. అన్నిటికీ తాళాలే.

తాళాలు వేసినవాళ్లంతా ఆవిడ వంటింట్లోనే ఉన్నారు.