హమీద్ సాగనంపిన ప్రయాణం

రిటైరయ్యాక ఇక తననెవరూ పిలవరనుకున్న తెలుగు మాస్టారు సుందరరామయ్యను గిద్దలూరు కాలేజీవాళ్లు పిలిచారు. 'మర్యాద' అనే మాట ఎలా పుట్టిందో చెప్పాలి, శాలువా కప్పుతారు. ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. సభలో మోగితే బాగుండదని ఫోను ఇంట్లోనే వదిలేసి, పొద్దున్నే మార్కాపురం బస్టాండుకు బయల్దేరాడు. ఎదురింటి హమీద్ సాగనంపడానికి వెంట వచ్చాడు. బస్టాండు చేరాక ఇక ఇంటికి వెళ్లొస్తానన్నాడు.

"బస్సు రాలేదు గదా. మోకాళ్ల నొప్పులతో ఒక్కడివే ఎట్ల పోతావు? పలకల ఫ్యాక్టరీ దాకా నేనొస్తా పద," అన్నాడు మాస్టారు.

ఫ్యాక్టరీ దగ్గర హమీద్ ఆగిపోయాడు. "సాగనంపేదానికి వచ్చి నీతోనే సాగనంపించుకుంటానా అన్నా? పద, బస్సెక్కిస్తా."

తిరిగొచ్చేసరికి బస్సు వెళ్లిపోయింది. తన వల్లేనని హమీద్ కుమిలిపోయాడు. అంత బాధలో ఉన్న మనిషిని ఒంటరిగా పంపడానికి మాస్టారికి మనసొప్పలేదు. ఈసారి ఇద్దరూ ఇంటి వీధిదాకా వచ్చేశారు. ఎవరు ఎవరిని సాగనంపుతున్నారో మాస్టారికి అయోమయంగా ఉంది.

మేడ మీద బట్టలారేస్తున్న హమీద్ భార్య జమీలాబీ వాళ్లను చూసింది. "పార్వతక్కా! మాస్టారు వెనక్కి వచ్చినాడు. మీటింగు లేదేమో!"

మాస్టారి భార్య పార్వతి బయటికొచ్చేసరికి ఇద్దరూ మళ్లీ బస్టాండు దారి పట్టారు. వీధి ఖాళీగా ఉంది. మొహం చెల్లక ఆయన ఎటో వెళ్లిపోయాడనుకుని, పార్వతి ఆయన్ని పిలిచిన గిద్దలూరు కాలేజీ లెక్చరర్ ఉషారాణికి ఫోన్ చేసింది.

"పిలిచినోళ్లే వద్దంటే ఎట్లమ్మా? వారం నుంచి అద్దం ముందర ఒకటే ప్రాక్టీసు!"

"మేం వద్దనలేదండీ!" అంది ఉషారాణి బిత్తరపోయి. తమవాళ్లెవరో ఆయన్ని ఏదో అనే ఉంటారని, శాలువాతో, పిల్లలతో కార్లలో మార్కాపురానికి బయల్దేరింది.

ఇదేదీ తెలియని మాస్టారు తర్వాతి బస్సులో గిద్దలూరు చేరాడు. కాలేజీలో వాచ్‌మన్ తప్ప నరమానవుడు లేడు.

"మీకు క్షమాపణ చెప్పేదానికి అందరూ మీ ఇంటికే పోయినారు సార్!"

ఆయనకు ఏడుపొక్కటే తక్కువ. వాచ్‌మన్ ఫోను తీసుకుని ఇంటికి ఫోన్ చేశాడు.

"వచ్చినోళ్లను ఉత్తగా పంపితే ఏం బాగుంటది? మీ ఉపన్యాసం నేనే చెప్పినా," అంది పార్వతి. "మర్యాదంటే మొదట్లో హద్దని అర్థం. సముద్రానికి గట్టు మర్యాద. రాను రాను మనిషి అతి చేయకుండా ఉండేదానికీ అదే మాటైందని చెప్పినా. పిల్లోళ్లు ఒకటే చప్పట్లు!"

"మరి శాలువా?" అన్నాడు మాస్టారు నీరసంగా.

"వెచ్చగా ఉందండీ."

మాస్టారు ఫోను తిరిగిచ్చేశాడు. వాచ్‌మన్ జాలిపడి, "బస్టాండు దాకా సాగనంపుతా సార్," అంటూ చెప్పులేసుకున్నాడు.

సుందరరామయ్య గబగబా బయటికొచ్చి, గేటుకు బయటినుంచి గడియ పెట్టి మరీ బయల్దేరాడు.