జపాను పిల్లోళ్ల కోసం ఏడ్చినోళ్లం

పిల్లల్ని వాళ్ల మానాన వాళ్లను వదిలెయ్యడమంత గొప్ప పెంపకం భూమ్మీద ఇంకోటి లేదు! కోప్పడకండి సామీ, నిదానంగా వినండి.

పోయిన ఆదివారం ధర్మవరం వాళ్లం, పెనుకొండ వాళ్లం పిల్లాజెల్లాతో రైలెక్కి హిందూపురం పోయినాం. ఆడ మా స్నేహితుడు ఈశ్వరప్ప మిద్దె మీద తెర కట్టి, తల్లిదండ్రులకు బుద్ధి రావాలని ఒక జపాను సినిమా వేసినాడు. అందులో నాయన ఓడెక్కి పోతాడు, మళ్లీ రాడు. చిన్న పాప ఇద్దరు తమ్ముళ్లకు వండిపెట్టి, నీళ్లు పోసి, నిద్రపుచ్చుతుంది. అబ్బబ్బా, ఏం ఏడ్చినాం! పెనుకొండ చంద్రశేఖర్ అయితే నా టవలుతో ముక్కు తుడుచుకున్నాడు.

నాకు మాత్రం జపానోళ్ల మీద జాలేసింది. పిల్లల్ని వదిలెయ్యడానికి ఓడెక్కి పోవల్లనా? మనమెంత ముందుకు పోయినాం! సోఫాలో కాళ్లు చాపుకొని, ఫోన్ పట్టుకొని, ఇల్లు కదలకుండానే వదిలేస్తాండామే! వాళ్లు "నాయనా" అంటే మనం "ఒక్క నిమిషం" అంటే చాలు.

ఫలితాలు చూడండి! చంద్రశేఖర్ కొడుకు ప్రోగ్రెస్ కార్డు మీద నాయన సంతకం నాయన కన్నా బాగా పెడతాడు. మా పక్కింటి సుకన్య కూతురు తన జడ తానే వేసుకొని, అమ్మకు కూడా వేస్తుంది, రీల్స్‌కు అడ్డం రాకుండా! నా కూతురు నిఖితకు తొమ్మిదేళ్లు. పొద్దున టిఫినుకు ఉగ్గాణి చేస్తుంది, తమ్మునికి స్నానం చేయిస్తుంది. నేను నేర్పినానా? రామ రామ! నేను తలెత్తితే కదా!

తిరుగు రైల్లో "బాల్యాన్ని కాపాడుకుందాం" అని వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఎదురెదురుగా కూర్చొనే మెసేజీలు. ఏడుపు బొమ్మల వాన! పెనుకొండలో దిగబోతా చంద్రశేఖర్ తలెత్తినాడు.

"ఏమప్పా, మా పిల్లోళ్లు మీతో ఉండారా?"

"మా వాళ్లు మీతో లేరా?" అన్నా నేను.

సినిమా పెద్దోళ్లదని పిల్లల్ని కింద వసారాలో ఆడుకోమన్నది ఎవరు? అందరం! మళ్లీ వాళ్లను రైలెక్కించింది ఎవరు? ఎవరూ లేరు!

అందరం పెనుకొండలోనే దూకినాం సామీ. ఆటోలు పట్టుకొని సోమందేపల్లి మీదుగా హిందూపురానికి పరుగు! ఈశ్వరప్పకు ఫోన్ చేస్తే ఎత్తడు, గ్రూపులో మాత్రం బొమ్మలు పెడతాండాడు. నా బిడ్డలు యాడుండారో, ఏమైనారో అని దోవంతా మొక్కని దేవుడు లేడు.

ఆడికి పోతే ఏముండాది? ఈశ్వరప్ప వంటింట్లో మా నిఖిత బొరుగులు తడిపి ఉగ్గాణి చేసి, అందరినీ వరసగా కూర్చోబెట్టి వడ్డిస్తాండాది. చంద్రశేఖర్ కొడుకు చిన్నోళ్లకు గ్లాసుల్లో నీళ్లు పోస్తాండాడు.

"నిఖితా!" అని అరిచినా.

"ఒక్క నిమిషం నాయనా," అనింది, తలెత్తకుండానే.

పోయి ఎత్తుకున్నా. "భయపడినావా తల్లీ?"

"భయమెందుకు నాయనా? ఇంట్లో మాదిరే ఉన్నింది."

గ్రూపులో అంతసేపూ ఏడుపు బొమ్మలు కురిపించినోళ్లం, ఆ మాటకు మాకెవరికీ ఒక్క బొమ్మ దొరకలేదు.